కష్టమైన సిద్ధాంతాలు ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి

వందనాలు. మీ ప్రశ్న నిదానంగా చదివాను. మీతో కలిసి మార్కు సువార్త చదువుతున్న స్నేహితుడు ఉన్నట్టుండి మూడు ప్రశ్నలు వేశాడు. దేవుడు ఒక్కడా, ముగ్గురా? యేసు పేరే వినకుండా చనిపోయినవాళ్ల గతి ఏమిటి? ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించి ఉంటే ఇక నువ్వు నాకు చెప్పడం దేనికి? సంఘంలో అడిగితే ఒక పెద్ద "అవన్నీ ఇప్పుడు కదపవద్దు, యేసు ప్రేమ గురించి చెబితే చాలు, మిగతావి బాప్తిస్మం తరువాత చూసుకోవచ్చు" అన్నారు. ఇంకొకరు "ఉన్నది ఉన్నట్టు ముఖం మీద చెప్పేయ్, వింటే వింటాడు, లేకపోతే లేదు" అన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వినవద్దంటాను. మొదటి పెద్దాయన ఉద్దేశం మంచిదే. కాని మనం ఒక మనిషిని తన జీవితమంతా అప్పగించుకొమ్మని పిలుస్తున్నాం. ఆ పిలుపులో ఏమేమి ఉన్నాయో "సరే" అనకముందే తెలుసుకునే హక్కు ఆ మనిషికి ఉంది. తీర్పు గురించి, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ) గురించి బాప్తిస్మం అయ్యాక మొదటిసారి విన్నవాడికి ఆ సిద్ధాంతం ఒక్కటే కష్టంగా ఉండదు, మనం అంతకుముందు చెప్పిన ప్రేమ మాటల మీద కూడా అనుమానం వస్తుంది. దాచిపెట్టి నమ్మించారన్న బాధ ఏ తర్కంతోనూ తీరదు. అలా నొచ్చుకుని వెళ్లిపోయినవాళ్లతో నేను కూర్చుని మాట్లాడాను. వాళ్లలో చాలామందిని విరిచింది ఆ సిద్ధాంతం కాదు, అది తెలియవచ్చిన తీరు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసు అన్న మాట లూకా 14లో ఉంది. ఆ మాట ఆయన తనను వెంబడిస్తున్న పెద్ద గుంపు వైపు తిరిగి చెప్పాడు. గుంపు తగ్గుతుందేమోనని వెనుకాడలేదు.

రెండో ఆయన సలహాకు కూడా యేసే జవాబు చెప్పాడు. పట్టుబడిన రాత్రి శిష్యులతో, చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి గాని ఇప్పుడు మీరు సహించలేరు అన్నాడు (యోహాను 16:12). మూడేళ్లు వెంట తిరిగినవాళ్లకే ఆయన వేళ చూసి చెప్పాడు. దాచడం వేరు, వేళ చూడడం వేరు. అడిగినా చెప్పకుండా దాటవేస్తే అది దాచడం. ఈ రోజు ఇంతవరకు చెబుతాను, మిగతాది ఫలానా భాగం చదివాక మాట్లాడుకుందాం అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే అది వేళ చూడడం.

మీ స్నేహితుడి ప్రశ్నల్లోకి వెళ్లేముందు ఇంకో సంగతి. నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ ఒకే బరువు ఇవ్వకండి. నైసియాలో క్రీ.శ. 325లో, కాన్‌స్టాంటినోపుల్‌లో 381లో జరిగిన సంఘ పెద్దల సభల నుంచి వచ్చిన విశ్వాస ప్రమాణాన్ని కేథలిక్కులు, ఆర్థడాక్స్ సంఘాలు, ప్రొటెస్టెంట్లలో చాలా భాగం ఈ నాటికీ ఒప్పుకుంటారు. ఒక్కడే దేవుడు, తండ్రితో ఏక తత్వం గల కుమారుడు, ఆయన సిలువ, పునరుత్థానం, సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన మళ్లీ రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అదే ప్రమాణంలో లేనివి కూడా గమనించండి. నరకం ఎలా ఉంటుందన్న వర్ణన లేదు. దేవుని ఏర్పాటుకూ (ఎవరు రక్షణ పొందుతారో ఆయన ముందే నిర్ణయించడానికీ) మనిషి ఇష్టానికీ లంకె ఎలా కుదురుతుందన్న వివరణ లేదు. సిలువ మన పాపాన్ని ఎలా తీసివేస్తుందో ఒక సిద్ధాంతంగా విడదీసి చెప్పలేదు, "మన నిమిత్తం" అని ఊరుకుంది. లేనంత మాత్రాన ఇవి ముఖ్యం కావని కాదు. కాని సంఘమంతా కలిసి ఒప్పుకున్నదాన్ని "క్రైస్తవులం ఇలా నమ్ముతాం" అని చెప్పండి, మీ శాఖ పట్టుకున్నదాన్ని "మా సంఘంలో ఇలా అర్థం చేసుకుంటాం, ఇతర విశ్వాసులు వేరేగా అంటారు" అని చెప్పండి. ఇది బలహీనత అని కొందరు బోధకులు భయపడతారు. నా అనుభవంలో ఎదుటివాడికి మీ మీద గురి కుదిరేది ఇక్కడే.

ఇక త్రిత్వం. ఇందులో చాలామంది లెక్కతో మొదలుపెట్టి లెక్కలోనే చిక్కుకుంటారు. ఒకటి, మూడు అంటూ కాగితం మీద త్రికోణం గీస్తారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. మొదటి శిష్యులు అక్కడ మొదలుపెట్టలేదు. వాళ్లు దేవుడు ఒక్కడేనని రోజూ ప్రార్థనలో పలికే యూదులు. ఆ నమ్మకాన్ని వదులుకోకుండానే ఒక మనిషి ముందు మోకరిల్లవలసిన స్థితికి వచ్చారు. ఏం చూసి వచ్చారు? అదే మీ స్నేహితుడికి చూపించండి. మీ అదృష్టం, మీరు చదువుతున్నది మార్కు.

రెండో అధ్యాయం తెరవండి. పైకప్పు విప్పి, పక్షవాయువు గలవాణ్ణి పరుపుతో సహా కిందికి దించుతారు. నడవలేనివాడు వచ్చింది కాళ్ల కోసం. యేసు మొదట అన్న మాట "కుమారుడా, నీ పాపములు క్షమింపబడియున్నవి". అక్కడ కూర్చున్న శాస్త్రులు తమ మనసులో, దేవుడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు, ఇది దేవదూషణ అనుకుంటారు. ఇక్కడ ఆగి మీ స్నేహితుణ్ణి అడగండి: వాళ్ల తర్కంలో తప్పు ఉందా? నిజానికి లేదు. నాకు ఎవరైనా అన్యాయం చేస్తే నేను క్షమించగలను. మూడో మనిషి వచ్చి, నా తరఫున కాదు, తన తరఫునే "నీ పాపాలన్నీ క్షమించాను" అంటే దానికి రెండే అర్థాలు. ఒకటి దేవదూషణ. రెండోది, ఆ పాపాలన్నీ అసలు తనకే వ్యతిరేకంగా జరిగినవి. యేసు వాళ్ల తర్కాన్ని సరిదిద్దలేదు. ఆ అధికారం తనకు ఉందని చూపించడానికి పక్షవాయువు గలవాణ్ణి లేపి నడిపించాడు.

తరువాత 4వ అధ్యాయం చివర తుపాను అణిగాక శిష్యులు "ఈయన ఎవరో" అని ఒకరితో ఒకరు అనుకునే చోటికి రండి. 12వ అధ్యాయంలో అదే యేసు దేవుడు అద్వితీయుడన్నది ఆజ్ఞల్లో మొదటిదని చెబుతాడు. 14వ అధ్యాయంలో ప్రధాన యాజకుడు ఆయన మీద మోపిన నేరం మళ్లీ దేవదూషణే. వెనక్కి వెళ్లి 1వ అధ్యాయంలో బాప్తిస్మం చూడండి: కుమారుడు నీళ్లలోంచి వస్తున్నాడు, ఆత్మ దిగివస్తున్నాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది. ఇదంతా చదివాక "సంఘం త్రిత్వం అనేది దీన్నే" అని చెప్పండి. అప్పుడు త్రిత్వం ఎక్కడినుంచో తెచ్చి అతికించిన చిక్కు లెక్కలా కాకుండా, చూసినదాన్ని ఏదీ పోగొట్టుకోకుండా చెప్పడానికి పడిన తపనగా కనిపిస్తుంది. కుమారుడు లేని కాలం ఒకటి ఉండేదని నాలుగో శతాబ్దంలో ఏరియస్ అనే బోధకుడు అన్నప్పుడు సంఘం అంత గట్టిగా నిలబడింది కూడా అందుకే. యేసు సృష్టిలో ఎంత గొప్పవాడైనా సృష్టిలోనివాడే అయితే, ఆ పక్షవాయువు గలవాడికి దొరికిన క్షమాపణ చెల్లదు.

నీరు, మంచు, ఆవిరి అనే పోలిక మాత్రం వాడవద్దు. ఆ పోలిక ప్రకారం ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా వేషం మారుస్తాడు. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో నడిచిన బోధ ఇదే, సంఘం దాన్ని తోసిపుచ్చింది. యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో తండ్రిని వేడుకున్నాడంటే, మరి ఎవరిని వేడుకున్నట్టు? పోలిక వెంటనే విరిగిపోతుంది. అలాగే "కుమారుడు" అనగానే దేహ సంబంధమైన పుట్టుక అని అర్థం చేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు దాన్ని అసహ్యించుకోవడం న్యాయమే. సంఘం ఎన్నడూ అలా నమ్మలేదని ముందే చెప్పండి. ఆ తరువాత "ఇది పూర్తిగా నాకు అంతుపట్టదు, కాని ఏది అనకూడదో తెలుసు, ఎవరిని ఆరాధించాలో తెలుసు" అనండి. అంతుపట్టని దేవుడు ఉన్నాడంటే ఆశ్చర్యపోయేవాళ్లు తక్కువ, అంతా తెలిసినట్టు మాట్లాడే భక్తుణ్ణి అనుమానించేవాళ్లే ఎక్కువ.

రెండో ప్రశ్న, వినకుండా చనిపోయినవాళ్ల సంగతి. దీని దగ్గర అన్నింటికన్నా ఎక్కువసేపు ఆగాలి. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది తెలియని జనాల గురించి అడగడం లేదు. ఒకసారి ఒకాయన వాక్యం చదవడం ముగిశాక ఇదే ప్రశ్న వేశాడు. మీ మనసులో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఫోను తీసి తన తండ్రి ఫొటో నా ముందు పెట్టాడు. "ఈయన ఎవరికీ అన్యాయం చేయలేదండీ. యేసు గురించి ఎవరూ చెప్పలేదు కూడా. ఇప్పుడు ఎక్కడున్నారు?" అన్నాడు.

అక్కడ రెండు తప్పుడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "తప్పకుండా పరలోకంలోనే ఉంటారు" అని ఓదార్చడం ఒకటి. మనకు తెలియనిది తెలిసినట్టు చెప్పే ఓదార్పు అది. వచనం ఎత్తి చూపించి "నరకంలో" అనడం రెండోది. అది కూడా మనకు తెలియనిది తెలిసినట్టు చెప్పడమే, పైగా మనది కాని న్యాయపీఠం ఎక్కడం. నేను చెప్పింది ఇది: "మీ నాన్నగారి తీర్పు నా చేతిలో లేదు, అందుకు దేవునికి కృతజ్ఞుణ్ణి. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగాడు. నేనూ అక్కడే నిలబడతాను. ఆయన మీ నాన్నగారికి అన్యాయం చేయడు. మీకన్నా ఎక్కువగా ఆయనకు మీ నాన్నగారు తెలుసు. అయితే ఎవరు రక్షణ పొందినా అది తమ మంచితనం వల్ల కాదు, క్రీస్తు వల్లే. ఇది కూడా నేను దాచలేను." ఆయన తలూపాడు. ఆ రోజు ఒప్పుకున్నాడని కాదు. నేను అబద్ధం చెప్పలేదని గుర్తించాడు, తరువాతి వారం మళ్లీ వచ్చాడు.

ఇలాంటి ప్రశ్న ఫోనులో మెసేజ్‌గా వస్తే అందులోనే జవాబు రాయకండి. నలుగురి మధ్య అడిగితే అక్కడ క్లుప్తంగా చెప్పి, విడిగా కలవండి. నరకం గురించి మాట్లాడేటప్పుడు మీ ముఖం ఎదుటివాడికి కనిపించాలి.

వినని వాళ్ల విషయంలో క్రైస్తవులు ఒక్క మాట మీద లేరని కూడా చెప్పండి. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, దేవుణ్ణి నిజాయితీగా వెదికి, మనస్సాక్షి ప్రకారం నడుచుకున్నవాళ్లు కూడా కృప చేత రక్షణ పొందవచ్చని కేథలిక్ సంఘపు రెండో వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. ప్రొటెస్టెంట్లలో చాలామంది యోహాను 14:6, అపొస్తలుల కార్యములు 4:12 చూపించి, బ్రతికుండగా క్రీస్తును తెలిసి నమ్మాలని అంటారు. ఇంకొందరు రోమా 2:14-16 చూపించి తీర్పును దేవునికే వదిలేస్తారు. నా మట్టుకు నేను ఈ మూడో వైపు ఉన్నాను. అయినా, క్రీస్తు తప్ప వేరే రక్షకుడు లేడన్న మాట దగ్గర పైవాళ్లందరూ కలుస్తారని మీ స్నేహితుడికి మరుగుపరచను.

అసలు నరకం ఉందా అంటే, తప్పించుకోకుండా ఉందనే చెప్పండి. కొత్త నిబంధనలో నరకానికి వాడిన గెహెన్నా అన్న గ్రీకు మాట 12 చోట్ల వస్తే, అందులో 11 యేసు నోటి నుంచి వచ్చినవే. ప్రేమ గురించి బోధించిన యేసును ఉంచుకుని తీర్పు గురించి బోధించిన యేసును తీసేయడానికి వీల్లేదు. కాని ఆ మాటలు ఆయన ఎవరితో అన్నాడో చూడండి. శిష్యులతో అన్నాడు: నీ చెయ్యి నిన్ను అభ్యంతరపరిస్తే నరికివేయి అని. శాస్త్రులతో, పరిసయ్యులతో అన్నాడు. బావి దగ్గర సమరయ స్త్రీతో ఆ మాట అనలేదు, చెట్టు మీద ఉన్న జక్కయ్యతో అనలేదు, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో అనలేదు. మనం దీన్ని పూర్తిగా తలకిందులు చేశాం. బయటివాళ్లను బెదిరించడానికి వాడుకుని, లోపల మన గురించి మరచిపోయాం. యెరూషలేము మీదికి రాబోయే నాశనం గురించి చెప్పినప్పుడు ఆయన ఏడ్చాడని లూకా 19లో ఉంది. మీకు ఆ దుఃఖం లేని రోజున నరకం గురించి మాట్లాడకండి, ఇంకో రోజు మాట్లాడండి.

శిక్ష స్వభావం గురించి అడిగితే, ఎక్కువమంది నిత్యమైన శిక్ష అనే నమ్ముతారని, మత్తయి 25:46 అందుకు ప్రధాన ఆధారమని చెప్పండి. అంతిమ నాశనం అని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఇవాంజెలికల్ లోకంలో ఎంతో గౌరవం పొందిన జాన్ స్టాట్ కూడా 1988లో, ఇదే తుదిమాట అనకుండానే, ఆ వైపు మొగ్గు చూపాడు. ఈ వాదాన్ని పట్టుకుని స్నేహితుడితో ఒక సాయంత్రమంతా గడపడం వల్ల ఉపయోగం ఉండదు. తిరుగులేని తీర్పు ఒకటి ఉంది, ఆ తీర్పరి మన కోసం గాయపడినవాడే అన్నంతవరకు చాలు.

మూడో ప్రశ్న, ఏర్పాటు. ఇది మీరు అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే ఇందులో గెలవవలసిన అవసరం మీకు లేదు. దేవుని కృపను మనిషి కాదనగలడన్న ఆర్మినియస్ శిష్యుల వాదాన్ని నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ సభ 1618-19లో కొట్టివేసింది, ఆ వాదం మాత్రం ఈ రోజుకీ బ్రతికే ఉంది. ఇదే విషయంలో 18వ శతాబ్దపు ఇంగ్లండు బోధకులు జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ బహిరంగంగా విభేదించారు. ఇద్దరూ బయలు ప్రదేశాల్లో నిలబడి వేలమందికి సువార్త ప్రకటించినవాళ్లే. విట్‌ఫీల్డ్ 1770లో చనిపోతే సంతాప ప్రసంగం చేసింది వెస్లీ. దేవుని ఏర్పాటును నమ్మిన విట్‌ఫీల్డ్ ప్రకటించకుండా ఊరుకోలేదు, నమ్మని వెస్లీ ఆయన్ను సహోదరుడు కాడనలేదు. మీ స్నేహితుడికి ఈ సంగతి చెప్పండి.

వాక్యంలో ఈ బోధ ఎక్కడ వస్తుందో కూడా చూపించండి. ఎఫెసీయులకు 1లో అది స్తుతిలో వస్తుంది. రోమా 9 తన జనం కోసం పౌలు పడిన వేదనతో మొదలవుతుంది, 10లో ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని ప్రశ్న వస్తుంది, 11 చివరికి వచ్చేసరికి పౌలు వాదన మాని దేవుణ్ణి పొగడడంలో పడతాడు. కొరింథులో ఆయన భయపడుతున్నప్పుడు ప్రభువు ఏమన్నాడు? ఈ పట్టణంలో నాకు చాలా జనం ఉంది, మాట్లాడు, మౌనంగా ఉండవద్దు అన్నాడు. ఏర్పాటు అక్కడ నోరు తెరవడానికి కారణమైంది. "నేను ఏర్పరచబడ్డానో లేదో ఎలా తెలుస్తుంది?" అని మీ స్నేహితుడు అడిగితే, నా దగ్గరికి వచ్చేవాణ్ణి ఎంతమాత్రం బయటికి త్రోసివేయనన్న యోహాను 6:37 చదివి అక్కడ ఆపండి.

ముందు ముందు కనాను యుద్ధాలు (దేవుని ఆజ్ఞతో ఇశ్రాయేలు కనాను ప్రజల మీద చేసినవి) వస్తాయి, నిర్దోషుల బాధ వస్తుంది. కనాను గురించి నాకు పూర్తిగా తృప్తినిచ్చే జవాబు దొరకలేదు, దొరికినట్టు నటించను. ఆదికాండము 15:16 ప్రకారం దేవుడు నాలుగో తరం వరకు ఓర్చుకున్నాడని, తరువాత అదే తీర్పు ఇశ్రాయేలు మీదికీ వచ్చిందని చూపిస్తాను, ఆ ఆజ్ఞను ఏ కాలంలోనూ ఇంకెవరూ తమదిగా చేసుకోకూడదని గట్టిగా చెబుతాను. బాధ విషయంలో మాత్రం యోబు స్నేహితులను గుర్తుపెట్టుకోండి. దేవుణ్ణి సమర్థిస్తూ మాట్లాడినవాళ్ల మీదే చివరికి దేవుని కోపం రగిలింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు అందరికన్నా పాపులని కాదని యేసే అన్నాడు.

చివరగా మీరు అడిగినది, మీ స్నేహితుడు అడగకపోతే ఇవన్నీ మీరే ఎత్తాలా అని. మొదటి కలయికల్లో అక్కరలేదు, యేసును చూడనివ్వండి. బాప్తిస్మం మాట రాగానే మాత్రం తప్పకుండా మీరే ఎత్తాలి. మేము ఆరాధించేది తండ్రి కుమార పరిశుద్ధాత్మలను, యేసు తీర్పరిగా వస్తాడని నమ్ముతాం, ఈ నిర్ణయం వల్ల ఇంట్లోవాళ్లు దూరం కావచ్చు, కొన్ని విషయాల్లో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. ఈ నాలుగూ సూటిగా చెప్పి "ఇవన్నీ తెలిసి వస్తున్నావా?" అని అడగండి. మిగతావి తరువాత నేర్చుకోవచ్చు, ఇవి మాత్రం ముందే తెలియాలి. ఇంకొంత సమయం కావాలంటే ఇవ్వండి. సంఘంలో ఇప్పటికే తేదీ ప్రకటించి ఉంటే వాయిదా వేయమని అడగడానికి అతను మొహమాటపడతాడు. కాబట్టి పాస్టర్ గారితో ఆ మాట మీరే మాట్లాడండి.